మీ గడ్డి బీడు ఏ రకం నేల? గుంత తవ్వి, పొరలు చూసి, పేరు పెట్టే పద్ధతి

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల నుంచి గొర్రెల పెంపకందారులు, వాటర్‌షెడ్ కమిటీల వాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "మాదీ ఎర్ర నేలే, పక్క ఊరి బీడూ ఎర్ర నేలే. అక్కడ అంజన్ గడ్డి మోకాలెత్తు పెరుగుతోంది. మా దగ్గర విత్తనం చల్లినా రెండో ఏడాదికి ఆనవాలు లేదు. ఎందుకు?"

పైన కనిపించే రంగును బట్టి దీనికి జవాబు చెప్పలేం. రాయి ఎంత లోతున తగులుతోంది, ఆ లోపల గులకరాళ్లు ఎన్ని ఉన్నాయి, బంకమన్ను ఏ పొరలో పెరుగుతోంది అన్నది చూడాలి. ఈ మూడూ తెలియాలంటే గుంత తవ్వక తప్పదు. సాయిల్ హెల్త్ కార్డు ఉంటే చాలు కదా అని కొందరు అడుగుతారు. అందులో ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం, పోషకాలు కలిపి 12 అంశాలు ఉంటాయి. అది పంట పొలానికి ఎరువు లెక్క చెప్పే కార్డు. నేల లోతు గానీ, నేల తరగతి గానీ అందులో ఉండవు. గడ్డికి మాత్రం ముందు కావలసింది లోతే.

ఇక్కడ చెప్పే పద్ధతి ఏటా సుమారు 550 మి.మీ. వాన పడే రాయలసీమ మెట్ట బీళ్లకు సరిపోతుంది. పాలమూరు, నల్లగొండ వైపు ఎర్ర చెలకల్లోనూ చిన్న మార్పులతో వాడుకోవచ్చు.

ఏం కావాలి

- గడ్డపార, పార, తట్ట. నేల గట్టిగా ఉంటే ఇద్దరు మనుషులు
- టేపు, మొండి కత్తి, చిన్న సుత్తి
- 2 మి.మీ. కన్నాల జల్లెడ. దొరక్కపోతే ఇంట్లో రవ్వ జల్లెడ వాడండి. దాని కన్నాలు కాస్త చిన్నవి కాబట్టి గులకరాళ్లు కొంచెం ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తాయి
- బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు. శుభ్రంగా పట్టిన వాన నీళ్లయినా పర్వాలేదు. బోరు నీళ్లు వద్దు, కారణం ఆరో మెట్టులో చెబుతాను
- హార్డ్‌వేర్ షాపులో అమ్మే హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొద్దిగా, డ్రాపర్, చేతి తొడుగులు, కళ్లద్దాలు
- గట్టి మూతతో నిటారు గోడల గాజు సీసా, బట్టల సోడా పొడి
- 15 సెం.మీ. లోపలి వ్యాసం ఉన్న పైపు ముక్క లేదా రెండు వైపులా కోసిన పెయింట్ డబ్బా
- పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం
- నోటుబుక్, పెన్సిల్, ఫోన్

రంగు కొలవడానికి మున్సెల్ రంగుల పుస్తకం కావాలి. ఖరీదైనది కాబట్టి కొనమని చెప్పను. కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ వ్యవసాయ కళాశాల మృత్తికా విభాగంలో గానీ అడగండి. పుస్తకం బయటికి ఇవ్వకపోతే మట్టి ముద్దలు తీసుకుని మీరే అక్కడికి వెళ్లండి.

ఒక ముందు జాగ్రత్త. మేత బీడు చాలా ఊళ్లలో పోరంబోకు కిందికి వస్తుంది. పంచాయతీకి, రెవెన్యూ వాళ్లకు చెప్పి తవ్వండి. అటవీ శాఖ హద్దు లోపల అనుమతి లేకుండా పార పెట్టొద్దు.

1. ముందు నడవండి, తర్వాత తవ్వండి

మిట్ట నుంచి పల్లం దాకా ఒకసారి నేరుగా నడిచి రండి. గ్రానైట్, నైస్ రాళ్ల మీద ఏర్పడిన మన బీళ్లలో ఒకే వాలు మీద మూడు రకాల నేలలు ఉండటం మామూలే. పైన బండ మీద జానెడు మట్టి, నడిమి భాగంలో కాస్త లోతైన ఎర్రమన్ను, కింద వాగు దగ్గర కొట్టుకొచ్చిన మన్ను ఉంటాయి. ఉరవకొండ, తాడిపత్రి వైపు అయితే పల్లంలో నల్లరేగడి కూడా తగులుతుంది. అందుకే "మా బీడు నేల" అని మొత్తానికి ఒకే పేరు అడిగితే జవాబు తప్పే అవుతుంది. మిట్టకొకటి, నడిమికొకటి, పల్లానికొకటి, కనీసం మూడు గుంతలు కావాలి.

నడిచేటప్పుడు బయటపడ్డ బండలు, గులకరాళ్లు తేలిన చోట్లు, తెల్లగా ఉప్పు పూసిన మచ్చలు, నీళ్లు కోసిన గాట్లు, తంగేడు, బందారు, సీమతుమ్మ గుంపులుగా పెరిగిన చోట్లు అన్నీ కాగితం మీద గీసుకోండి. వాలు కొలవడానికి మేస్త్రీలు వాడే లెవల్ పైపు చాలు. 10 మీటర్ల దూరంలో 30 సెం.మీ. తేడా వస్తే వాలు 3 శాతం.

మంద కట్టిన చోటు, పాత దొడ్డి, దారి పక్క, చెట్టు మొదలు, పుట్ట దగ్గర తవ్వొద్దు. మంద కట్టిన చోట పేడ, మూత్రం వల్ల పైపొర లక్షణాలన్నీ మారిపోతాయి. అక్కడి మట్టి చూసి బీడంతా సారవంతమే అనుకుంటే మోసపోతారు.

2. గుంత

మంచి వాన పడ్డాక మూడు నాలుగు రోజులు ఆగి తవ్వండి. మన దగ్గర సెప్టెంబరు, అక్టోబరు బాగా కుదురుతాయి. మే నెలలో ఎర్ర నేల గడ్డపారకు కూడా లొంగదు. పైగా ఎండిన మట్టిలో పొరల మధ్య తేడా సరిగ్గా కనపడదు.

వెడల్పు 1 మీటరు, పొడవు 1.5 మీటర్లు, లోతు 1.5 మీటర్లు లేదా బండ తగిలే దాకా. మిట్ట మీద చాలాసార్లు 30–40 సెం.మీ. దగ్గరే బండ తగిలి ఆగిపోతారు. అది కూడా ఒక ఫలితమే, రాసుకోండి. చూడబోయే గోడ మీద సూటిగా వెలుతురు పడేలా గుంత దిశ పెట్టుకోండి. ఆ గోడ వైపు గట్టు మీద నడవొద్దు, మట్టి వేయొద్దు. పైపొర మట్టిని ఒక పక్క, కింది మట్టిని ఇంకో పక్క పోయండి. పూడ్చేటప్పుడు అదే వరసలో తిరిగి వేయాలి, లేకపోతే అక్కడ ఏళ్ల తరబడి గడ్డి మొలవదు.

రాత్రికి గుంత తెరిచి వదలొద్దు. మేక పిల్ల పడితే కాలు విరుగుతుంది. మరుసటి రోజు కూడా పని ఉంటే చుట్టూ కంప వేయండి. పొద్దున దిగే ముందు కర్రతో మూలలన్నీ తట్టి చూడండి, తేళ్లు, పాములు చేరతాయి.

తవ్వడానికి మనుషులు లేకపోతే ఉపాధి పనుల్లో తీసిన కందకం, పంట కుంట గోడ, రోడ్డు కోసిన గట్టు వాడుకోవచ్చు. అయితే పైన ఆరిన మట్టిని ఒక జానెడు లోపలికి చెక్కేసి, తాజా గోడ బయటపడ్డాకే చూడాలి. అలా చెక్కకుండా చూస్తే పైనుంచి కారిన బురద పూతనే పొర అనుకుంటారు.

3. పొరలు విడగొట్టడం

టేపును గోడకు వేలాడదీసి ముందు ఒక ఫోటో తీయండి. తర్వాత కత్తి మొనతో పై నుంచి కిందికి వేలెడు దూరానికొకసారి గుచ్చుకుంటూ రండి. కత్తి దిగే తీరు మారిన చోట, రంగు మారిన చోట, గులకరాళ్లు హఠాత్తుగా పెరిగిన చోట అడ్డగీత గీయండి. ఒక్కో పొరకు ఇవి రాయండి: ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, రంగు, గులకరాళ్లు ఎంత శాతం, వేళ్లు ఎన్ని, గడ్డ ఏ ఆకారంలో విడిపోతోంది.

వేళ్ల విషయంలో తొందరపడొద్దు. గడ్డి వేళ్లు ఏ గీత దగ్గర ఆగిపోయి పక్కకు తిరిగాయో అదే గడ్డికి అందే అసలు లోతు. టేపు మీటరు చూపించినా వేళ్లు 35 సెం.మీ. దగ్గర ఆగితే ఆ బీడు లోతు 35 సెంటీమీటర్లే.

అడుగున తగిలింది మొరమా, బండా అన్నది తప్పక తేల్చుకోవాలి. సుత్తితో కొడితే ఖంగుమని మోగి, పారకు అసలు రాకపోతే అది బండ. పారతో కష్టపడితే పొడిగా రాలుతూ, లోపల రాతి చారలు ఇంకా కనిపిస్తూ, వేళ్లు సందుల్లో మాత్రమే దిగుతుంటే అది మొరం. పేరు పెట్టే దగ్గర ఈ తేడా పెద్ద పని చేస్తుంది.

గులకరాళ్ల శాతం కంటితో అంచనా వేస్తే దాదాపు అందరూ తక్కువే చెబుతారు. ఒక బకెట్ మట్టి తీసి జల్లెడ పట్టండి. ఒక సీసాలో సగానికి నీళ్లు పోసి గీత పెట్టుకుని, మిగిలిన రాళ్లు అందులో వేయండి. నీళ్లు ఎంత పైకి లేచాయో అదే రాళ్ల పరిమాణం. మట్టి, రాళ్లు కలిపి గోడ నుంచి ఎంత పరిమాణం తీశారో దానితో భాగించి శాతం కట్టండి. ఇందుకోసం కొలత తెలిసిన డబ్బాను గోడలోకి దించి మట్టి తీస్తే లెక్క సరిగ్గా వస్తుంది.

4. రంగు

రంగును రెండుసార్లు చూడాలి, తడిపి ఒకసారి, ఆరబెట్టి ఒకసారి. గడ్డను విరిచి లోపలి ముఖం చూడండి. ఎండ సూటిగా పడే చోట, మీ నీడ మట్టి మీద పడకుండా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు లోపు చూస్తే నయం. సాయంత్రపు ఎండలో ప్రతి నేలా ఎర్రగానే కనిపిస్తుంది. ఫోన్ ఫోటో నుంచి రంగు పేరు చెప్పమని పంపేవాళ్లున్నారు. కెమెరా రంగులను తనకు తోచినట్టు దిద్దుతుంది కాబట్టి అది పనికిరాదు.

మున్సెల్ పుస్తకంలో 2.5 వైఆర్ (పసుపు కలిసిన ఎరుపు) పేజీ గానీ, అంతకంటే ఎరుపు పేజీ గానీ సరిపోయి, తడి మట్టి వెలుగు అంకె (పుస్తకంలో "వాల్యూ") 3 లేదా అంతకంటే తక్కువ ఉండి, ఆరిన మట్టి అంకె దానికంటే ఒకటికి మించి పెరగకపోతే ఆ విషయం గుర్తు పెట్టుకోండి. తొమ్మిదో మెట్టులో అవసరమవుతుంది.

5. చేతి పరీక్ష, దానికి సీసాతో సరిచూపు

జల్లెడ పట్టిన మట్టి గుప్పెడు తీసుకుని, చుక్క చుక్కగా నీళ్లు పోస్తూ చపాతీ పిండిలా పిసకండి. ఎర్ర నేలలో బంకమన్ను రేణువులను ఇనుప ఆక్సైడ్లు గట్టిగా పట్టి ఉంచుతాయి. అందువల్ల మొదటి నిమిషంలో ఇసుకలాగే తగులుతుంది. రెండు మూడు నిమిషాలు పిసికితే ఆ గుళికలు విడిపోయి జిగురు బయటికొస్తుంది. నేను చూసినంతలో చాలామంది తప్పేది ఇక్కడే. అర నిమిషంలో "ఇసుక నేల" అని రాసేస్తారు.

పిసికాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా బయటికి తోయండి.

- ఉండే కట్టకపోతే ఇసుక. ఉండ కట్టినా పట్టీ రాకపోతే ఇసుక ఎక్కువున్న గరప (గరప అంటే ఇసుక, ఒండ్రు, బంక కలగలిసిన మట్టి)
- 2.5 సెం.మీ. లోపే తెగిపోయి గరగరలాడితే ఇసుక గరప
- 2.5–5 సెం.మీ. వచ్చి గరగరలాడితే ఇసుక బంక గరప
- 5 సెం.మీ. దాటితే బంక నేల. గరగర ఉంటే ఇసుక బంక

మూడుసార్లు చేసి మధ్యస్థంగా వచ్చిన పొడవు రాయండి. ఇక సీసా. మూడో వంతు జల్లెడ మట్టి, చెంచాడు సోడా పొడి వేసి, డిస్టిల్డ్ వాటర్‌తో దాదాపు నింపి పది నిమిషాలు బాగా ఊపండి. కింద పెట్టిన నిమిషానికి దిగిన మట్టి ఇసుక, అక్కడ గీత పెట్టండి. రెండు గంటలకు దిగింది ఒండ్రు, ఇంకో గీత. ఆ పైన మర్నాటికి దిగేది బంకమన్ను. బంక తడిసి ఉబ్బుతుంది కాబట్టి సీసాలో దాని వాటా అసలుకంటే ఎక్కువగా కనిపిస్తుంది. అంకెను నమ్మకండి. పై పొరకూ కింది పొరకూ మధ్య తేడా ఉందా లేదా అన్నది మాత్రం నమ్మొచ్చు. మనకు కావలసిందీ అదే.

6. సున్నం, చౌడు

ముందు యాసిడ్. షాపులో దొరికేది ఘాటుగా ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాలో రెండు పాళ్లు నీళ్లు పోసి, అందులోకి ఒక పాలు యాసిడ్ మెల్లగా కలపండి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. తొడుగులు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయొద్దు. పిల్లలను దూరంగా ఉంచండి.

ప్రతి పొర మట్టి మీద రెండు చుక్కలు వేసి, పొంగుతుందా, చెవి దగ్గర పెడితే సన్నగా చిటపటలాడుతుందా, ఏమీ లేదా చూసి రాసుకోండి. తెల్ల గడ్డలు ఉంటే గడ్డ మీద విడిగా, పక్క మట్టి మీద విడిగా వేయాలి. గడ్డ ఒక్కటే పొంగితే ఆ పొర అంతటా సున్నం ఉందని రాయకూడదు. యాసిడ్ వాడటం ఇష్టం లేకపోతే నిమ్మరసంతో ప్రయత్నించవచ్చు కానీ, అది సున్నం బాగా ఎక్కువున్నప్పుడే పని చేస్తుంది.

తర్వాత చౌడు పరీక్ష. శనగ గింజంత ఎండు గడ్డలు నాలుగు తీసుకుని గాజు పళ్లెంలో డిస్టిల్డ్ వాటర్‌లో మెల్లగా వదలండి. కదపొద్దు. అయిదు నిమిషాల్లో గడ్డ కూలి గుట్టగా పడిపోయి నీళ్లు తేటగానే ఉంటే సేంద్రియ పదార్థం తక్కువని అర్థం. మన ఎర్ర బీళ్లలో ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. వాన దెబ్బకు పైన పెళుసు పొర కట్టేది కూడా ఇలాంటి మట్టే. గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు లేచి, రెండు గంటలైనా దిగకపోతే సోడియం ఎక్కువున్న కారు చౌడు అని అనుమానించాలి.

ఈ పరీక్షకు బోరు నీళ్లు వాడితే ఆ నీళ్లలోని లవణాలు బంకను గుత్తిగా కట్టి మబ్బు లేవనివ్వవు. కారు చౌడు ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కావాలని మొదట్లో అన్నది ఇందుకే.

7. ఇంకుడు పరీక్ష

పైపు ముక్కను పైపొరలోకి ఒక అంగుళం దించండి. అంచు చుట్టూ లోపలి నుంచి తడి మట్టి అద్దండి, లేకపోతే గోడ వెంబడి నీళ్లు జారిపోతాయి. లోపల పలచని ప్లాస్టిక్ కవరు పరిచి, 440 మి.లీ. నీళ్లు పోసి, కవరును మెల్లగా లాగేయండి. 15 సెం.మీ. వ్యాసంలో అది సుమారు 2.5 సెం.మీ. నీటి మట్టం. ఇంకిపోయాక మళ్లీ అంతే పోసి, ఆ రెండోసారి పట్టిన సమయం రాయండి. మొదటిసారి పట్టిన సమయం నేల ఎంత ఎండి ఉందో చెబుతుంది తప్ప ఎలాంటి నేలో చెప్పదు.

పక్కనే ఇంకోచోట పైన గట్టిపడిన పెళుసు పొరను గీకేసి ఇదే మళ్లీ చేయండి. గీకిన చోట పది నిమిషాల్లో ఇంకి, గీకని చోట అరగంట పట్టిందంటే కింది నేలలో దోషం లేదు, పైపొరే నీటిని ఆపుతోంది. అక్కడ లోతు దుక్కి కంటే మేతకు విరామం ఇచ్చి గడ్డి కప్పు పెంచడమే సరైన దారి. రెండు చోట్లా గంట దాటితే కింద గట్టి పొర గానీ చౌడు గానీ ఉందని అనుమానించాలి.

8. నీరు ఎంత నిలుస్తుందో లెక్క కట్టండి

ఇది మామూలు ల్యాబ్ రిపోర్టుల్లో ఉండదు. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఇక్కడే దొరుకుతుంది.

ఒక నడిమి గుంతలో ఇలా వచ్చిందనుకుందాం. 0–12 సెం.మీ. ఇసుక గరప, గులకరాళ్లు 15 శాతం. 12–38 సెం.మీ. ముదురు ఎరుపు ఇసుక బంక గరప, పట్టీ 3.5 సెం.మీ., గులకరాళ్లు 40 శాతం, గడ్డల ముఖాల మీద మెరిసే పూత. 38 కింద మొరం, వేళ్లు అక్కడితో సరి.

మొక్కకు అందే నీరు ఇసుక గరపలో సెంటీమీటరు లోతుకు సుమారు 1 మి.మీ., ఇసుక బంక గరపలో సుమారు 1.3 మి.మీ. అనుకోండి. గులకరాళ్ల వాటా తీసేయాలి.

పై పొర: 12 × 0.85 × 1.0 = 10 మి.మీ.
కింది పొర: 26 × 0.60 × 1.3 = 20 మి.మీ.

మొత్తం 30 మి.మీ. రోజుకు 5 మి.మీ. ఆవిరైపోతుందనుకుంటే ఆరు రోజులు. గులకరాళ్లు లెక్కలోకి తీసుకోకపోతే ఇదే నేలకు 46 మి.మీ., అంటే తొమ్మిది రోజులు అని తప్పుగా వస్తుంది. పక్క ఊరి బీడులో 80 సెం.మీ. లోతు, పది శాతం రాళ్లు ఉంటే, ఇదే ఎరుపు, ఇదే వానతో రెండున్నర వారాలకు పైగా తడి నిలుస్తుంది. రెండు వానల మధ్య వారం దాటితే ఒక బీడులో అప్పుడే మొలిచిన అంజన్ మొక్క చస్తుంది, ఇంకోదానిలో బతుకుతుంది.

9. పేరు పెట్టడం

ఇప్పుడు వర్గీకరణ. మన దేశంలో నేల సర్వేలు అమెరికా పద్ధతిలోని 12 శ్రేణుల పేర్లనే వాడతాయి. నాగపూర్‌లోని జాతీయ నేల సర్వే సంస్థ రిపోర్టుల్లో కనిపించేవీ అవే. మన బీళ్లకు సాధారణంగా అవసరమయ్యేవి నాలుగు. కింది ప్రశ్నలను ఇదే వరసలో అడగాలి. వరస తప్పితే పేరు తప్పుతుంది.

మొదటిది: ఎండాకాలంలో పగుళ్లిస్తుందా, బంకమన్ను 30 శాతం పైనుందా, లోపల గడ్డల మీద ఒకదానిపై ఒకటి జారినట్టు నున్నని గీతల ముఖాలు ఉన్నాయా? మూడూ ఉంటే వెర్టిసాల్, మన నల్లరేగడి. పగుళ్లు మాత్రమే ఉండి జారుడు ముఖాలు లేకపోతే శ్రేణి వేరే అవుతుంది, పేరులో "వెర్టిక్" అనే మాట చేరొచ్చు.

రెండోది: పై పొర కంటే కింది పొరలో బంకమన్ను స్పష్టంగా పెరిగిందా? పై పొరలో 15–40 శాతం మధ్య ఉంటే కింద దానికి 1.2 రెట్లు ఉండాలి. పైన 15 కంటే తక్కువైతే కింద కనీసం 3 శాతం ఎక్కువుండాలి. భూతద్దంలో గడ్డల ముఖాలకు, వేళ్ల రంధ్రాలకు మెరిసే బంక పూత కనిపిస్తే బలమైన సాక్ష్యం. అలా ఉండి, ల్యాబ్‌లో క్షార సంతృప్తత (మట్టి పట్టి ఉంచిన వాటిలో కాల్షియం, మెగ్నీషియం లాంటి క్షారాల వాటా) సరిపడా వస్తే ఆల్ఫిసాల్. మన దగ్గర అది ఉస్టాల్ఫ్ (తేమ కొన్ని నెలలే ఉండే చోటి ఆల్ఫిసాల్) అవుతుంది. నాలుగో మెట్టులో చెప్పిన ముదురు ఎరుపు ఈ బంక పొరలో ఉంటే రోడుస్టాల్ఫ్, లేకపోతే ఎక్కువగా హాప్లుస్టాల్ఫ్. పటాన్‌చెరులో ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) పరిశోధనలు జరిగిన ఎర్ర నేల ఉడిక్ రోడుస్టాల్ఫ్. దాని వర్ణన దొరికితే పక్కన పెట్టుకుని మీ గుంతతో పోల్చుకోండి.

మూడోది: బంక పెరగలేదు కానీ రంగు, గడ్డ ఆకారం మారి ఒక పొర ఏర్పడిందా? ఇన్సెప్టిసాల్.

నాలుగోది: పొరలే లేవా, మట్టి కింద నేరుగా రాయేనా, లేక వాగు తెచ్చిన ఇసుకేనా? ఎంటిసాల్. మిట్ట మీది జానెడు మట్టి సాధారణంగా ఇదే.

పైనుంచి 50 సెం.మీ. లోపు బండ తగిలితే పేరు ముందు "లిథిక్" చేరుతుంది. మొరం తగిలితే చేరదు. గులకరాళ్లు పరిమాణంలో 35 శాతం దాటితే కుటుంబం స్థాయి పేరులో "స్కెలిటల్" వస్తుంది, బంక పెరిగిన నేలలో దీన్ని ఆ కింది బంక పొరలోనే చూడాలి. ఎనిమిదో మెట్టులోని గుంత రంగు అంకెలు సరిపోతే రోడుస్టాల్ఫ్, అడుగున మొరమే కాబట్టి లిథిక్ కాదు, కింది పొరలో 40 శాతం రాళ్లు ఉన్నాయి కాబట్టి స్కెలిటల్.

"వాన తక్కువ ప్రాంతం కదా, మాది ఎరిడిసాల్ (ఎడారి తరహా నేల) కాదా?" అని చాలామంది అడుగుతారు. వ్యవసాయ పర్యావరణ మండలాల పటంలో రాయలసీమలో కొంత భాగం శుష్క మండలంలోనే ఉంది, నిజమే. కానీ ఎరిడిసాల్ అనాలంటే నేల లోపలి తేమ ఏడాదిలో ఎక్కువ కాలం మొక్కకు అందనంత ఎండి ఉండాలి. వాన అంకె ఒక్కటే చూసి ఆ పేరు పెట్టకూడదు. ఇక్కడి ఎర్ర నేలలు సర్వేల్లో చాలావరకు ఆల్ఫిసాల్స్‌గానే నమోదయ్యాయి.

పేరుతో పాటు భూమి సామర్థ్య తరగతి కూడా రాయండి. ఒకటి నుంచి నాలుగు దాకా సాగుకు, అయిదు నుంచి ఏడు దాకా మేతకు, చెట్లకు, ఎనిమిది దేనికీ ముట్టకుండా వదలాల్సినది. లోతు 25 సెం.మీ. లోపు, వాలు 5 శాతం పైన, రాళ్లు ఎక్కువ ఉన్న మిట్టను ఎవరు ఎంత సబ్సిడీ ఇస్తామన్నా దున్నించొద్దు. ఒక్క గట్టి వానకు ఆ జానెడు మట్టీ కొట్టుకుపోతుంది. అలాంటి చోట స్టైలో హమాటా (పప్పుజాతి మేత మొక్క) విత్తనం చల్లి, గొర్రెలను కొన్నాళ్లు ఆపి చూడండి. అంజన్ గడ్డిని లోతు ఉన్న నడిమి భాగానికి ఉంచండి.

10. మీ ఫలితం సరైనదేనా?

గుంతకు 15–20 మీటర్ల దూరంలో అదే ఎత్తులో రెండు చోట్ల గడ్డపారతో చిన్న కన్నాలు వేసి, మొరం లోతు మాత్రం చూడండి. గుంతలో 38 వచ్చి, ఇక్కడ 35, 42 వస్తే నమ్మొచ్చు. 70 వస్తే మీ గుంత ఆ భాగానికి ప్రతినిధి కాదు, ఇంకోటి తవ్వాలి.

చేతి పరీక్షను ఇంకొకరితో, మీ అంకె చెప్పకుండా చేయించండి. ఒక తరగతి తేడా వస్తే పర్వాలేదు. రెండు తరగతులు తేడా వస్తే ఇద్దరిలో ఒకరు సరిగ్గా పిసకలేదన్నమాట.

ల్యాబ్‌కు పంపేటప్పుడు ప్రతి పొరా విడిగా, అర కిలో చొప్పున, నీడలో ఆరబెట్టి, గుడ్డ సంచిలో పంపండి. పొరలన్నీ కలిపి ఒకే సంచిలో వేస్తే ఈ పనంతా వృథా. ఒక పొర మట్టినే రెండు వేర్వేరు నంబర్లతో రెండు సంచుల్లో పెట్టండి. రెండింటికీ దగ్గరి అంకెలు వస్తే మిగతా రిపోర్టు మీద భరోసా ఉంటుంది. అనంతపురం చుట్టుపక్కల వాళ్లు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి, ఏ పరీక్ష ఎక్కడ చేస్తారో తెలుసుకోవచ్చు.

అడగాల్సినవి: ఇసుక, ఒండ్రు, బంకమన్ను శాతాలు, ఉదజని సూచిక, లవణాల సూచిక, సేంద్రియ కర్బనం, కాల్షియం కార్బొనేట్, కాటయాన్ మార్పిడి సామర్థ్యం (మట్టి పోషకాలను పట్టి ఉంచే శక్తి), క్షార సంతృప్తత, మార్పిడి సోడియం శాతం (ఆ పట్టి ఉంచిన వాటిలో సోడియం వాటా). ఇసుక, ఒండ్రు, బంకమన్ను శాతాలు, కాల్షియం కార్బొనేట్, చివరి మూడూ మామూలు కార్డు పరీక్షలో ఉండవు, ప్రత్యేకంగా రాసి ఇవ్వాలి. మార్పిడి సోడియం 15 శాతం దాటితే కారు చౌడు ఖాయం. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు వస్తే తక్కువ కింద లెక్క.

లవణాల అంకె దగ్గర ఒక్క విషయం చూసుకోండి. పాల చౌడుకు (లవణాలు ఎక్కువున్న నేలకు) పుస్తకాల్లో చెప్పే 4 (డెసీసీమెన్స్/మీటరు) అనే హద్దు, మట్టిని ముద్దగా తడిపి తీసిన సారానికి సంబంధించినది. మన ల్యాబుల్లో ఎక్కువగా ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్లు నీళ్లు కలిపి కొలుస్తారు. నీళ్లు ఎక్కువ కాబట్టి అంకె బాగా తగ్గిపోతుంది. రిపోర్టులో 1.2 చూసి "4 లోపే ఉంది, భయం లేదు" అనుకోవద్దు. ఏ నిష్పత్తిలో కొలిచారో ల్యాబ్ వాళ్లనే అడిగి రిపోర్టు మీద రాయించుకోండి.